మూడో గుమ్మం పక్క రాయి

ఎల్దాకి కుడికన్ను వానాకాలంలో పోయింది. పోయిన సంగతి మాకు వెంటనే తెలియలేదు. టోర్టియా, మా మొక్కజొన్న రొట్టె, ఒత్తి పెనం మీద వేయబోయి పొయ్యిగట్టు మీద వేసింది. రెండోదీ అంతే. "ఈ పెనం జరిగిపోతోందేమిటి" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

చక్కెర జబ్బు. ఎడమకన్ను కూడా అదే దారిలో ఉందని మెరిదాలో డాక్టరు చెప్పాడు. గురువారం ఆపరేషన్. నిలిస్తే నిలుస్తుంది, లేకపోతే లేదు, ముందే మాట ఇవ్వలేనన్నాడు. ఎల్దా ఆయనకి థాంక్స్ చెప్పి, బస్టాండుకి నడుస్తూ దారిలో ఉల్లిపాయల ధర అడిగింది.

ఆదివారం పొద్దున పెరట్లో కూర్చుని ఉండగా నేనే కదిపాను.

"నాలుగు రోజులుంది. సముద్రం చూస్తావా? ప్రొగ్రెసో వెళ్ళొద్దాం. అమ్మాయి లిగియా కారు పంపిస్తానంది."

"సముద్రాన్ని చూడక్కర్లేదు. వింటే చాలు."

"పోనీ మనవడిని రమ్మందాం."

"వాడి మొహం నెలకోలా మారుతుంది. ఇవాళ చూసి దాచుకుంటే వచ్చే ఏడు పనికొస్తుందా?" చేతిలో ఉన్న పుల్ల నారింజకాయ వాసన చూసి పక్కన పెట్టింది. "నీ గోడ చూస్తాను."

"ఏ గోడ?"

"ఎన్ని గోడలున్నాయి నీకు? హల్‌తున్ కొండ మీది గోడ."

ముప్పై ఒక్క ఏళ్ళుగా ఎప్పుడు హల్‌తున్ మాట వచ్చినా ఇలాగే ఏమీ తెలియనట్టు తప్పించుకునేవాణ్ణి.

అడవి మింగేసిన ఆ పాత మేడని తవ్వి నిలబెట్టిన ముఠాలో నేను ఏడేళ్ళు తాపీపని చేశాను. మా అమ్మాయి చూసింది, అల్లుడు చూశాడు, బడిపిల్లలని బస్సుల్లో తీసుకెళ్ళి చూపించాను. ఎల్దా ఒక్కతే చూడలేదు. పెళ్ళైన ఏడాది ఆమె నిండు మనిషి. కడుపుతో ఉన్నవాళ్ళు పాత దిబ్బల మీదికి వెళితే అక్కడి గాలి పట్టుకుంటుంది. తర్వాత చంటిపిల్ల. తర్వాత మళ్ళీ కడుపు, అది నిలవలేదు. తర్వాత మోకాలు. అడ్డంకులన్నీ నిజమే, ఒక్కటీ నేను కల్పించింది కాదు. కానీ ఒక్కోటి వచ్చినప్పుడల్లా నాలో ఎవరో హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చునేవాడు.

పెళ్ళయ్యాక అక్కడ పనిచేసినన్నాళ్ళూ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి తొట్టిలో వేడినీళ్ళు ఉండేవి. అందులో సదాపాకు రెమ్మలు తేలుతుండేవి. కొండగాలి ఒంటిమీద ఉండగా పసిపిల్లని తాకకూడదు కదా. నా వీపు మీది కొండదుమ్ము ఎల్దాయే కడిగేది. ఆ కొండ ఎలా ఉంటుందని ఎప్పుడూ అడగలేదు.

నేను దాచింది ఒక రాయిని.

అప్పటికి నాకు ఇరవైమూడేళ్ళు. ఎల్దా వాళ్ళమ్మ మా ముఠాకి వంట చేసేది. ఎల్దా ఆ వంటింట్లో టోర్టియాలు కాల్చేది, పొగలోంచి బయటికి వచ్చేది కాదు. మధ్యాహ్నం అన్నం మోసుకుని కొండెక్కేది వాళ్ళక్క ఒఫెలియా. నేను ఒఫెలియా కోసం ఆ రాతిమీద ఒక పువ్వు చెక్కాను. చెక్కి గోడలో పెట్టాను. ఆమెకి చూపించేలోపే ఆమె చేతుమాల్ బస్సు డ్రైవరుతో వెళ్ళిపోయింది. మరుసటి ఏడు నేను చెల్లెలిని పెళ్ళికి అడిగాను. అంతే కథ. ఇలాంటివి అందరికీ ఉంటాయి. కానీ అందరివీ గోడలో ఉండవు.

ఒఫెలియా మీద నాకు మిగిలింది ఏమీ లేదు. చేతుమాల్‌లో లావెక్కి, ప్రతి ఆదివారం చెల్లెలికి ఫోన్ చేసి తన కోడళ్ళని తిడుతుంది. నేను అన్నేళ్ళూ దాచింది ప్రేమని కాదు, దాచానన్న సంగతిని. దాచినది చచ్చిపోయాక కూడా దానికి కాపలా కాయడం మానలేకపోయాను.

"ఎండ ఎక్కువగా ఉంటుంది," అన్నాను.

"టోపీ ఉంది."

"నూట పది మెట్లు."

"నూట పదిసార్లు నీ భుజం పట్టుకుంటాను. ఇంకేమైనా ఉందా?"

ఇంకేమీ లేదు.

తికుల్ దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. ఆటోలో ఆమె నా చెయ్యి పట్టుకుని, ముందుకు ఒంగి, ఎడమకంటితో రోడ్డుని చూస్తూ కూర్చుంది. ఆ కంటిలో కూడా నడిమధ్య ఒక నల్లచుక్క ఉందట. దాని పక్కనుంచి తొంగి చూడాలట, తలుపు సందులోంచి చూసినట్టు. నేను దారిపొడుగునా లెక్కలు వేసుకుంటున్నాను. మేడకి అయిదు గుమ్మాలు. మొదటి రెండూ చూపించి, మెట్ల మీద కూర్చోబెట్టి, అన్నం తినిపించి దించేస్తే సరిపోతుంది. పువ్వు మూడోదాని పక్కన ఉంది. ఇంత చిన్న మనిషినా నేను అనిపించింది. అనిపించినా లెక్క మాత్రం ఆపలేదు.

కొండకింద గుడిసెలో కాపలాదారు మార్సియల్ ఉన్నాడు. వాళ్ళ నాన్న నాతో కలిసి పని చేసినవాడే. ఇప్పుడు కాపలా ఉద్యోగం కొడుక్కి వచ్చింది.

"మేస్త్రీ గారా. ఎన్నాళ్ళకి. ఈవిడెవరు?"

"మీ పిన్ని."

"నిజంగా ఉన్నారా?" మార్సియల్ లేచి నిలబడ్డాడు. "మా నాన్న అనేవాడు, గస్పార్‌కి పెళ్ళాం లేదురా, ఉందని చెప్పి సాయంత్రం నాలుగింటికే పని ఎగ్గొడతాడని."

"మీ నాన్న నోటికి మా ఇంటి మిరపకాయ తగలాల్సింది," అంది ఎల్దా. "టికెట్టు తీసుకోవాలా?"

"మీ మొగుడు కట్టిన ఇంటికి మీకు టికెట్టేమిటి పిన్నీ."

మెట్ల మొదట్లో ఎల్దా ఆగింది. సంచిలోంచి చిన్న సొరకాయ చిప్ప తీసి, సీసాలో తెచ్చిన సకా పోసింది. నీళ్ళలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్న, తెల్లగా చిక్కగా ఉంటుంది. దాన్ని చెట్టు మొదట్లో పెట్టి, ఆ చోటిని కాచే కనబడని పెద్దలకి వినబడేలా గొంతెత్తి చెప్పింది.

"నేను గస్పార్ ఉయికాబ్ పెళ్ళాన్ని. ఎల్దా త్సుక్. రావాల్సినదానికంటే ముప్పై ఏళ్ళు ఆలస్యంగా వచ్చాను. తప్పు నాది కాదు. దారి ఇవ్వండి."

మార్సియల్ నవ్వాపుకున్నాడు. నాకు నవ్వు రాలేదు. అక్కడి పెద్దలకి నేనేం చేశానో తెలుసు కదా.

ఎక్కడానికి అరగంట పట్టింది. ఆమె చెయ్యి నా భుజం మీద బరువుగా, తడిగా ఉంది. మధ్యమధ్య ఆగి, ఊపిరి పీల్చుకుని, "ఇంకెన్ని?" అనేది. నేను తగ్గించి చెప్పేవాణ్ణి. "నువ్వు ఇలాగే మొదటినుంచీ అబద్ధాలు చెప్తావు," అంది ఒకసారి, ఎగశ్వాసతో. మెట్ల గురించే అంది. అయినా ఆ తర్వాత సరైన లెక్కే చెప్పాను.

పైకి చేరాక నా ఏడేళ్ళు నా ముందు నిలబడి ఉన్నాయి. పొడవాటి పసుపురంగు మేడ, అయిదు చీకటి గుమ్మాలు. ఎల్దా తల అటూ ఇటూ తిప్పుతూ, ఆ చుక్క పక్కనుంచి మేడని ముక్కముక్కలుగా పోగుచేసుకుంటోంది.

"పెద్దదే," అంది చివరికి. "నేను మన కోళ్ళ గూడంత అనుకున్నా."

"ఏడేళ్ళు కోళ్ళ గూడు కడతామా?"

"నువ్వు మన కోళ్ళ గూడు కట్టడానికి మూడేళ్ళు తీసుకున్నావు మరి."

ఆమె గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించింది. "ముట్టుకోరాదు" అన్న బోర్డు పక్కనే ఉంది. నేను మార్సియల్ వైపు చూశాను. వాడు బోర్డు వైపు, ఎల్దా కళ్ళ వైపు చూసి, "అక్కడ ఉడుం ఒకటి గోడ తవ్వుతోంది, దాని సంగతి చూసొస్తాను" అని రెండో చివరకి వెళ్ళాడు. ఉడుం ఏమీ లేదు.

"ఇవేమిటి? రాళ్ళ మధ్య గరుగ్గా తగులుతున్నాయి."

చెప్పాను. కూలిన గోడ మళ్ళీ కట్టేటప్పుడు మేం కట్టిన భాగంలో, సున్నం ఆరకముందే, సందుల్లో చిన్న చిన్న రాతిముక్కలు వరసగా గుచ్చుతాం. ఎవరు చూసినా తెలియాలి, ఎక్కడిదాకా తాతలది, ఎక్కడినుంచి మనది అని. ముక్కలు లేకపోతే అది పాతది. ఉంటే మేం పెట్టింది. వాళ్ళ పని మా పనిగానూ, మా పని వాళ్ళ పనిగానూ చెల్లకూడదు. మా పనిలో మొదటి రోజు నేర్పేది అదే.

"మంచి పద్ధతి," అంది. గోడ పొడుగునా వేళ్ళు జరుపుతూ నడిచింది. "ఇది నీది. ఇది నీది. ఇక్కడ ముక్కలు లేవు, వాళ్ళది. ఇది మళ్ళీ నీది." చిన్నపిల్లలా సరదా పుట్టింది ఆమెకి. మొదటి గుమ్మం దాటింది. రెండోదీ దాటింది. నేను వెనకాలే నడుస్తున్నాను.

"ఇక్కడ కూర్చుందాం. నీడ ఉంది."

"అలసట లేదు."

"తిందాం రా. గుడ్లు చల్లారిపోతాయి."

"పొద్దున్నే చల్లారాయి అవి."

అప్పుడు అటునుంచి మార్సియల్ కేకేశాడు. "మేస్త్రీ గారూ, పిన్నికి ఆ పువ్వు చూపించారా? వచ్చినవాళ్ళందరూ దానికే ఫోటోలు తీస్తారు. ఒక టీచరమ్మ అది శుక్రనక్షత్రం అంటుంది. పోయిన నెల ఒకాయన కాదు, లోకానికి ఎనిమిది దిక్కులు అన్నాడు. ఇద్దరూ ఇక్కడే కొట్టుకున్నారు."

"ఏ పువ్వు?" అంది ఎల్దా.

నేను ఆమె చెయ్యి పట్టుకుని మూడో గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళాను. అంతకంటే చేయగలిగిందేమీ లేదు. గుమ్మానికి ఎడమ పక్క, నడుమెత్తున ఉంది ఆ రాయి. ఆమె వేళ్ళని దానిమీద పెట్టాను. ఆమె ముందు రాయి చుట్టూ తడిమింది.

"ముక్కలు లేవు."

"ఊఁ."

"అంటే తాతలది."

"ఊఁ," అన్నాను మళ్ళీ.

అంత చిన్న శబ్దం. ఆ అబద్ధం కోసమే ఇన్నేళ్ళు సిద్ధపడుతున్నానేమో అనిపించింది. ఆ రాయి చుట్టూ ముక్కలు గుచ్చకుండా వదిలేసింది నేనే.

ఆమె చూపుడువేలు పువ్వు నడిమికి వెళ్ళి, అక్కడినుంచి ఒక రేకు వెంట బయటికి, మళ్ళీ లోపలికి తిరిగింది. తర్వాతి రేకు. తర్వాతిది. చెక్కడాన్ని తడిమే తీరులో కాదు, దారం పోయే దారిలో వెళుతోంది ఆ వేలు. కింద ఎడమ రేకు దగ్గర ఆగింది. ముందుకి పోయి, వెనక్కి వచ్చింది.

"ఇది పొట్టిగా ఉంది."

"విరిగి ఉంటుంది."

"విరిగితే అంచు గరుకుగా ఉంటుంది. ఇది నున్నగా ఉంది. కావాలనే తగ్గించారు." కాసేపు ఆ రేకు మీదే వేలు ఉంచింది. "దారం అయిపోయింది," అంది.

నాకు అర్థం కాలేదు. నిజంగానే కాలేదు.

"ఎర్రదారం. ఎనిమిదో రేకు సగంలో ఉండగా అయిపోయింది. తికుల్ వెళ్ళి తెచ్చుకునే టైము లేదు, పొద్దున్నే ఊరి పండగ. మూడు కుట్లు తగ్గించి ముగించేశాను. ఎవరు చూస్తారులే అనుకున్నా." గొంతులో కోపం లేదు, ఏమీ లేదు. ఎప్పుడో పోగొట్టుకున్న గిన్నె ఎదురింటి వంటింట్లో కనిపించినట్టు మాట్లాడుతోంది. "ఆ ఇపిల్ గౌను అంచుకి పధ్నాలుగు పువ్వులు కుట్టాను. పదమూడు సరిగ్గా వచ్చాయి. ఇదొక్కటే ఇలా. ఎడమ పక్కన, మోకాలి కింద."

తెల్లటి ఇపిల్, ఎర్రటి అంచు. అది తొడుక్కున్నది ఒఫెలియా. కుట్టింది ఎవరని నేను ఒక్కరోజు కూడా అనుకోలేదు. బట్టల మీద పువ్వులు వాటంతటవే పూస్తాయనుకునే వయసు.

"నువ్వు కుట్టావా?"

"దానికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఇప్పటికీ రాదు." వేలు రాయి మీదినుంచి తీసేసింది. "ఇది మా అక్క బట్ట, గస్పార్."

"అవును."

"నువ్వు చెక్కావు."

"అవును."

"అక్క కోసం."

"అవును."

మూడుసార్లు అన్నాను. మూడోది గట్టిగా పలికింది, నాకే వింతగా. ఎల్దా గుమ్మం గడప మీద కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను. చాలా దూరాన ఎవరో చేను కోసం కొట్టిన చెట్లు తగలబెడుతున్న పొగ కనబడుతోంది. నాకు కనబడుతోంది. ఆమెకి వాసన వస్తూ ఉండాలి.

"నీళ్ళివ్వు," అంది. ఇచ్చాను. తాగింది. "అన్నేళ్ళు వేడినీళ్ళు కాచాను కదయ్యా. వీపు రుద్దాను. ఒక్కరోజైనా నోరు రాలేదా?"

"రాలేదు."

"భయమా?"

"మొదట భయం. తర్వాత అలవాటు."

ఆమె తల ఊపింది. ఆ జవాబు సరైనదని కాదు, అబద్ధం కాదని.

"నాకు తెలియదనుకున్నావా," అంది. "రాయి సంగతి తెలియదు. నీ మనసు అక్క మీద ఉందని తెలుసు. వంటింట్లో అందరికీ తెలుసు. నువ్వు నన్ను అడగడానికి వచ్చిన రోజు మా అమ్మ నా జడ వేస్తూ అంది, వీడు అక్క మొహం వెతుక్కుంటూ వస్తున్నాడు, నీకు సరేనా అని. సరే అన్నాను. వెతుక్కోనీ, దొరకదు కదా, అలిసిపోతాడు అనుకున్నా." ఆగింది. "ఎప్పుడు అలిసిపోయావో నాకు తెలియలేదు. అదొక్కటే తెలియలేదు."

నాకూ తెలియదు. అదే చెప్పాను. ఒకరోజు వెతకడం లేదని గమనించాను, కానీ అప్పటికే చాలాకాలమై ఉంది అన్నాను. ఇంకా ఏదో చెప్పాలనిపించింది. అది మాటగా రావడానికి టైము పట్టింది.

"మేం తినేదాకా ఒఫెలియా ఈ మెట్టు మీద కూర్చునేది. నేను కింది మెట్టు మీద. తలెత్తి మొహం చూడటానికి ధైర్యం చాలలేదు. రోజూ ఆ అంచు చూస్తూ తిన్నాను. ఏడాదంతా. అప్పటి ఆమె మొహం ఎలా ఉండేదో ఇప్పుడు తలుచుకున్నా రాదు. ఆ పువ్వు మాత్రం చూడకుండా చెక్కగలను."

"పొట్టి రేకుతో సహా."

"చూసింది చూసినట్టు చెక్కాను. అది తప్పని తెలియదు. మీ పద్ధతేమో అనుకున్నా."

అప్పుడు నవ్వింది ఎల్దా. పెద్దగా కాదు. భుజాలు కదిలాయి. నవ్వు ఏడుపుగా మారుతుందేమోనని చూశాను. కొంచెం మారింది, తిరిగి వచ్చింది. కొంగులాంటి శాలువాతో ఎడమకన్ను ఒత్తుకుంది, ఆ కంటికి నీరు మంచిది కాదన్నారని జాగ్రత్తగా.

"అక్కకి తెలుసా?"

"అప్పటికే వెళ్ళిపోయింది. ఎవరికీ చెప్పలేదు."

"చెప్పకు," అంది. "తనదనుకుంటుంది."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. సంచి విప్పి అన్నం తీశాను. గుడ్లు, గుమ్మడిగింజల పచ్చడి, గుడ్డలో చుట్టిన టోర్టియాలు. ఆమె ఒక టోర్టియా సగం తిని, మిగతాది నా చేతిలో పెట్టి లేచింది. రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని మొహాన్ని జానెడు దూరంలోకి తెచ్చింది.

"ఏమీ కనబడటం లేదు. అంతా తెల్లగా ఉంది."

నడినెత్తి ఎండ. లోతు తక్కువ చెక్కడాన్ని ఆ ఎండ చదును చేసేస్తుంది, మంచి కళ్ళకి కూడా అందదు. వెలుగు పక్కనుంచి రావాలి. పనిచేసే రోజుల్లో అరిగిపోయిన గీతలు చూడాలంటే ముఠాలో ఎవరో ఒకరు అద్దం పట్టుకునేవాళ్ళు. అద్దం లేదు. గుడ్లు తెచ్చిన అల్యూమినియం డబ్బా మూత ఉంది. చొక్కాతో తుడిచి, గుమ్మం అవతలికి వెళ్ళి, ఎండని దానిమీద పట్టి రాతి పక్కకి తిప్పాను. వెలుగుముక్క మొదట ఆమె జుట్టు మీద పడింది, తర్వాత చెవి మీద.

"కిందికి," అంది. "ఇంకా. నా వైపు కాదు, నీ వైపు. ఆఁ."

పువ్వు లేచింది. రేకులకి నీడలొచ్చాయి. నేను మూత కదిపితే రేకులు కూడా కదిలాయి.

"కదలకు," అంది.

మోచేతిని గుమ్మానికి ఆనించాను. ఆమె తలని ఒక పక్కకి వంచి, తన నల్లచుక్కని పువ్వు మీదినుంచి తప్పించి, ఒక్కో రేకునీ విడివిడిగా చూసింది. పెదాలు కదులుతున్నాయి. కుట్లు లెక్కపెడుతోంది. ఎనిమిదోదాని దగ్గర చాలాసేపు ఉంది.

"బాగానే కుట్టాను," అంది.

భుజం లాగుతోంది. సూర్యుడు కొంచెం కొంచెం జరుగుతుంటే నేనూ మూతని కొంచెం కొంచెం తిప్పుతున్నాను. దించమని ఆమె అనలేదు.